జవాబు చెప్పని పీరియడ్

ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు వారానికోసారి ‘చేతులతో చేసే సైన్సు’ చెప్పమని మీ బడి మీకు అప్పగించింది. కొన్ని బడుల్లో దాన్ని ఎలక్టివ్ అంటారు, కొన్నిట్లో క్లబ్ పీరియడ్, ఇంకొన్నిట్లో శనివారం యాక్టివిటీ. పరీక్ష లేదు, మార్కులు లేవు, తరుముకొచ్చే సిలబస్ లేదు. ఇంత స్వేచ్ఛ మన ఉద్యోగంలో అరుదు. అయినా చాలామంది టీచర్లకు ముందుగా గుర్తొచ్చేవి లేనివే: ల్యాబ్ లేదు, సామాన్లు లేవు, సాయం చేసే మనిషి లేడు.

సామాన్ల సంగతి తేలికే, దానికి తరవాత వద్దాం. అసలు కష్టం మనలో ఉంది. ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నోరు మనది. పిల్లవాడు కళ్లెదుటే తప్పు దారి పడితే జవాబు నాలుక మీద ఆడుతూనే ఉంటుంది. ‘అలా కాదురా, ఇటివ్వు’ అంటూ వస్తువు తీసుకుని చేసి చూపించేస్తాం. అక్కడితో ఆ పీరియడ్ అయిపోయినట్టే. పిల్లలు ఊహించి, చేసి, కొలిచి, తమలో తాము వాదించుకునేదాకా జవాబు చెప్పకుండా ఉండడం అనే ఒక్క అలవాటు గురించే ఈ అధ్యాయం.

చెప్పేస్తే టైము కలిసొస్తుంది కదా అని మీరు అడగొచ్చు. చెప్పిన జవాబును పిల్లలు నోట్సులో రాసుకుంటారు, పరీక్షలో తిరిగి రాస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. కానీ తమ సొంత నమ్మకాన్ని మాత్రం చెక్కు చెదరకుండా లోపల దాచుకుంటారు. హార్వర్డ్-స్మిత్‌సోనియన్ ఖగోళ భౌతిక కేంద్రం వాళ్లు 1997లో ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ అనే డాక్యుమెంటరీ తీశారు. అందులో పట్టా పుచ్చుకుంటున్న ఎం.ఐ.టి. విద్యార్థుల చేతికి ఒక బ్యాటరీ, ఒక చిన్న బల్బు, ఒక వైరు ముక్క ఇచ్చి, దీపం వెలిగించమన్నారు. వెలుగుతుందని ధీమాగా చెప్పినవాళ్లు తీరా చేతిలోకి తీసుకున్నాక తడబడ్డారు. సర్క్యూట్ల లెక్కలు వాళ్లకు రాక కాదు. బల్బుకు రెండు కొనలుంటాయనీ, అడుగున ఉన్న లోహపు చుక్క ఒకటీ, పక్కనున్న లోహపు తొడుగు రెండోదీ అనీ దాన్ని తిప్పి చూసి తెలుసుకునే అవసరం వాళ్లకు ఎప్పుడూ రాలేదు.

ఇదే పని ఆరో తరగతి పిల్లలకు ఇవ్వండి. మొదట బల్బును సెల్లు నెత్తిన నిలబెట్టి చూస్తారు. తరవాత వైరు రెండు కొసలూ బల్బు అడుగుకే ఆనిస్తారు. గోల చేస్తారు, విసుక్కుంటారు. మీరు బల్ల పక్కన నిలబడి ‘ఇంకోలా పట్టుకుంటే?’ అన్నదానికి మించి ఒక్క మాటా అనకండి. అరగంట లోపు ఎక్కడో ఒక మూల దీపం వెలుగుతుంది, ఆ కేక పక్క క్లాసుకు వినిపిస్తుంది. వెలిగించిన జట్టును ఎలా పట్టుకున్నారో బొమ్మ గీయమనండి. వెలగని పద్ధతుల బొమ్మలు కూడా పక్కనే గీయించండి, అవీ అంతే విలువైనవి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత టార్చి బల్బులు ఇప్పుడు అన్ని షాపుల్లో దొరకడం లేదు, ఎల్‌ఈడీలే దొరుకుతున్నాయి. తెల్ల ఎల్‌ఈడీ వెలగాలంటే సుమారు 3 వోల్టులు కావాలి. పెన్సిల్ సెల్లు ఇచ్చేది ఒకటిన్నర వోల్టు, కాబట్టి రెండు సెల్లులు వరసగా పెట్టాలి. పైగా ఎల్‌ఈడీ ఒకవైపే వెలుగుతుంది, పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. ఇవి మీకోసం చెబుతున్న సంగతులు, పిల్లలకు ముందే చెప్పకండి. తిప్పి పెట్టగానే వెలిగిందని వాళ్లే వచ్చి మీకు చెబుతారు.

దారం, నట్టు, గోడ గడియారం

మొదటి నెలలో చేయించడానికి లోలకాన్ని మించిన ప్రయోగం నాకు కనబడలేదు. ఖర్చు దాదాపు లేదు, ప్రమాదం లేదు, పిల్లల ఊహలు ముప్పాతిక వంతు తప్పవుతాయి. ఈ మూడోదే దాని గొప్పతనం. అందుకే కొంచెం విడమరిచి చెబుతాను.

జట్టుకొక మీటరున్నర దారం, మెకానిక్ దగ్గర అడిగితే ఇచ్చే ఇనప నట్లు మూడు, ఒక స్కేలు ఇవ్వండి. దారాన్ని బెంచీ అంచుకో కిటికీ ఊచకో కట్టి, కింద ఒక నట్టు వేలాడదీస్తారు. బోర్డు మీద ఒకే ప్రశ్న రాయండి: ‘ఇది ఇంకా తొందరగా ఊగాలంటే ఏం చేయాలి?’

‘బరువు పెంచాలి సార్.’ ‘గట్టిగా తొయ్యాలి మేడమ్.’ ‘దారం పొట్టిగా కట్టాలి.’ అన్నీ బోర్డు మీద రాయండి. ఏది సరైనదో మీ ముఖంలో కూడా తెలియనివ్వకండి, పిల్లలు టీచరు ముఖం చదవడంలో ఆరితేరినవాళ్లు. ఒక్కొక్కరూ తమ ఊహను నోట్‌బుక్కులో పెన్నుతో రాయాలి. పెన్సిల్‌తో రాయిస్తే ఫలితం వచ్చాక చెరిపేసి దిద్దుకుంటారు. దిద్దని తప్పే ఈ పీరియడ్‌కు పెట్టుబడి.

ఇక కొలవడం. ఒక్క ఊపుకు, అంటే నట్టు అటు వెళ్లి తిరిగి రావడానికి, పట్టే కాలం కొలవబోతారు, కుదరదు. పది ఊపులు లెక్కపెట్టి పదితో భాగిద్దామని ఎవరో ఒకరు అంటారు. అనేదాకా ఆగండి. మీటరు దారానికి పది ఊపులకు 20 సెకన్లు పట్టాలి. ఒక జట్టుకు 20 వస్తుంది, ఇంకో జట్టుకు 18 వస్తుంది. రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ‘దారం పొడవు ఒక్కటే, నట్టు ఒక్కటే, జవాబులెందుకు రెండొచ్చాయి?’ అని అడిగి ఊరుకోండి. జట్లు ఒకరినొకరు గమనించడం మొదలుపెడతాయి. కాసేపటికి ఒక అమ్మాయి పట్టుకుంటుంది: ‘వాళ్లు వదిలేటప్పుడే ఒకటి అంటున్నారు మేడమ్. అప్పటికింకా ఊగలేదు కదా!’ నిజమే, వదిలేటప్పుడు ‘సున్నా’ అనాలి. కొలతలో పొరపాటు ఎక్కడ దూరుతుందో ఆ పిల్ల తన కళ్లతో చూసింది. ఇది చెప్పే పాఠం ఏ పుస్తకంలోనూ ఇంత బాగా ఉండదు.

తరవాత బరువు. ఈసారి దారం పావు మీటరు, ఊపులు 20. ఒక నట్టుతో 20 సెకన్లు వస్తుంది. మూడు నట్లు కట్టమంటే కొందరు ఒకదాని కింద ఒకటి గొలుసులా కడతారు. వాళ్లకు 21 వస్తుంది, ‘బరువు పెరిగితే నెమ్మదిస్తుంది’ అని తేల్చేస్తారు. మూడూ ఒకేచోట గుత్తిగా కట్టిన జట్టుకు మాత్రం మళ్లీ 20 వస్తుంది. ఇప్పుడు నిజమైన గొడవ. రెండు జట్లనూ లోలకాలు పట్టుకుని ఎదురెదురుగా నిలబెట్టి, ‘పొడవు ఎక్కడిదాకా కొలిచారు?’ అని ఒక్క ప్రశ్న వేయండి. గొలుసు కట్టినవాళ్లు దారం ముడిదాకానే కొలిచి ఉంటారు. నట్లు కిందికి జారడంతో బరువు నడిమి చోటు రెండున్నర సెంటీమీటర్లు దిగింది. అంటే తెలియకుండానే వాళ్లు లోలకం పొడవు పెంచారు. బరువు మారిస్తే పొడవు మారకూడదు, ఒకసారికి ఒకటే మార్చాలి. ప్రయోగాలన్నిటికీ ప్రాణం లాంటి ఈ నియమాన్ని నిర్వచనంగా చెప్పక్కర్లేకుండానే నట్లు చెప్పేశాయి.

చివర పొడవు. మళ్లీ పది ఊపులే. మీటరుకు 20 సెకన్లయితే అర మీటరుకు ఎంత? క్లాసంతా ఒక్క గొంతుతో ‘పది’ అంటుంది. కొలిస్తే 14 వస్తుంది. మళ్లీ కొలుస్తారు, మళ్లీ 14. పావు మీటరుకు దిగితేగానీ 10 రాదు. పొడవు నాలుగో వంతయితే కాలం సగమవుతుంది. ఎనిమిదో తరగతి వాళ్లకయితే ఇక్కడ వర్గమూలాన్ని పరిచయం చేయండి. ఆరో తరగతి వాళ్లను ఆ ఆశ్చర్యంతోనే ఇంటికి పంపండి, సూత్రం రెండేళ్లు ఆగినా కొంప మునిగేదేమీ లేదు. 1656లో హైగెన్స్ ఈ గుణాన్నే ఆధారం చేసుకుని లోలకపు గడియారం చేశాడని చెప్పి, ఊపుకు సరిగ్గా ఒక సెకను పట్టే లోలకం చేయమనండి. పార్కులో ఉయ్యాల మీద లావుపాటి అన్నయ్య ఊగినా సన్నటి చెల్లెలు ఊగినా దాదాపు ఒకే కాలం పడుతుందా అన్నది ఇంటిపని.

వంటింటి నుంచి వచ్చేవి

లోలకం తరవాత రంగులు. చిటికెడు పసుపు నీళ్లలో కలిపి, తెల్ల కాగితం ముక్కలకు పూసి ఆరబెడితే పరీక్ష కాగితాలు సిద్ధం. నిమ్మరసం, చింతపండు పులుసు, సబ్బు నీళ్లు, చాకలి సోడా నీళ్లు, సున్నపు తేట ఒక్కొక్క చుక్క వేయించండి. సబ్బు, సోడా, సున్నం పడ్డచోట ఎర్రబడుతుంది. మన పిల్లలకు ఇది కొత్త కాదు. పెళ్లికూతురి కాళ్లకు రాసే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు, రెండూ పసుపూ సున్నమే. చొక్కా మీద పడ్డ సాంబారు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడడం అమ్మ బట్టలుతికేటప్పుడు వాళ్లు చూసే ఉంటారు. ఆ సంగతి మీరు ఎత్తకండి. ‘ఇలాంటిది ఇంకెక్కడైనా చూశారా?’ అని అడగండి చాలు. ఏడాది పొడుగునా నోరు విప్పని పిల్లలు ఈ ప్రశ్నకు చెయ్యెత్తుతారు. ఎర్రబడిన కాగితం మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు రంగుకు తిరుగుతుంది. దీన్ని కూడా ఎవరో ఒకరు అడక్కుండానే చేసి చూస్తారు.

ఇక్కడ మంచి ప్రశ్న ఒకటి పుట్టాలి. నిమ్మరసం వేసినా, మంచినీళ్లు వేసినా పసుపు కాగితం ఒకేలా ఉంది. మరి ఆ రెంటికీ తేడా లేదా? ఉంది, పసుపుకు తెలియదంతే. అప్పుడు మందార రేకులు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టిన రసం బయటికి తీయండి. పుల్లటి వాటితో అది ముదురు గులాబీ రంగవుతుంది, సబ్బు నీళ్లతో పచ్చబడుతుంది. ప్రతి పరికరానికీ చూడగలిగింది ఇంతే అని ఒక హద్దు ఉంటుందన్న సంగతి పన్నెండేళ్ల వయసులో తెలియడం చిన్న విషయం కాదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నాను. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. తమలపాకుల కొట్లో దొరికే తడి సున్నం చిటికెడు నీళ్లలో కలిపి, తేరిన తేట మాత్రం మీ చేత్తో మీరే పంచండి. పొడి సున్నం, గాఢమైన యాసిడ్లు, ఇంటి కరెంటు, సూదులున్న సిరంజిలు, పగిలిన పాదరసం థర్మామీటర్లు ఈ గదిలోకి రాకూడదు. సిరంజిలు కావాలంటే కొత్తవి మందుల షాపులో కొని, సూదులు అక్కడే ఇచ్చేసి రండి. సూర్యుణ్ణి నేరుగా చూడనివ్వకండి. నేలన పడే నీడలు చూస్తే చాలు.

నీడలంటే గుర్తొచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాలూ పూర్తిగా కర్కటరేఖకు దక్షిణాన ఉన్నాయి కాబట్టి మన ఊళ్లన్నిటికీ ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ క్షణంలో నీడ ఉండదు. హైదరాబాదులో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో వస్తుంది, తిరుపతిలో ఏప్రిల్ చివర, ఆగస్టు మధ్యలో. మే నెలలో బడి ఉండదు, ఆగస్టులో మబ్బు పట్టొచ్చు. అయినా వారం ముందు నుంచీ రోజూ మధ్యాహ్నం కర్ర నీడ కొలిపించండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది పన్నెండింటికే అని పిల్లలు పందెం కడతారు. హైదరాబాదులో ఆగస్టు మొదటి వారంలో అది పన్నెండూ ఇరవై దాటాక వస్తుంది. గడియారం తప్పా, సూర్యుడు తప్పా? దేశమంతటికీ ఒకే టైము ఇచ్చే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర నుంచి వెళ్తుందనీ, హైదరాబాదు దానికి పడమరన ఉందనీ అట్లాసు తెరిచి వాళ్లే చూసుకోవాలి. పిల్లలు అడిగి తెరిచే అట్లాసు వేరు, మనం తెరవమంటే తెరిచే అట్లాసు వేరు.

జట్టులో ఎవరి చేతికి పని

జట్టుకు నలుగురు మించకూడదు. అయిదో పిల్లవాడు ప్రేక్షకుడైపోతాడు. నలభై అయిదు మంది ఉన్న గదిలో పన్నెండు జట్లంటే గోల తప్పదు, భరించండి. పని జరుగుతున్న గోలకూ అల్లరికీ తేడా రెండు వారాల్లో మీ చెవికే తెలుస్తుంది.

మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసిన జట్లలో ఒక అన్యాయం చాలా నెమ్మదిగా జరిగిపోతుంది. వస్తువులు అబ్బాయిల చేతికి వెళ్తాయి, నోట్‌బుక్కు అమ్మాయిల చేతికి వస్తుంది. ‘నీ రాత బాగుంటుంది, నువ్వు రాయి’ అంటారు. అందులో దురుద్దేశం ఉండకపోవచ్చు, కానీ ఏడాది చివరికి ఆ అమ్మాయి ఒక్క ముడి వేసి ఉండదు, ఒక్క వైరు కలిపి ఉండదు. కాబట్టి చేసేవారు, కొలిచేవారు, రాసేవారు, సామాను చూసుకునేవారు అని నాలుగు పనులు పెట్టి, ప్రతి వారం తప్పనిసరిగా మార్చండి. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగానే ఉండాలి.

సామాను గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దారం, నట్లు, సెల్లులు, బల్బులు, అయస్కాంతాలు, స్ట్రాలు, బెలూన్లు, స్కేళ్లు, పారదర్శక సీసాలు ఒక రేకు పెట్టెలో పెట్టుకోండి. అరవింద్ గుప్తా ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజనీరు. ఆయన అగ్గిపుల్లలనూ సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలనూ కలిపి జ్యామితి నేర్పవచ్చని చూపించారు. త్రిభుజం నొక్కినా కదలదు, చతురస్రం మాత్రం ఒరిగిపోతుంది, ఎందుకో పిల్లలు పుల్లలు పట్టుకుని తేల్చుకుంటారు. ఆయన పుస్తకాలూ వీడియోలూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాడుకోండి. మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే మంచిదే. కానీ త్రీడీ ప్రింటరు ఉన్న గదిలో కూడా పిల్లల ఊహ ముందు నోట్‌బుక్కులోకి ఎక్కాలి. పెట్టెలో అన్నీ అమర్చి, మొదటి మెట్టు రెండో మెట్టు అని రాసిచ్చే రెడీమేడ్ కిట్లంటే నాకు గౌరవం లేదు. వాటితో పిల్లలు ఆజ్ఞలు పాటించడం మాత్రమే నేర్చుకుంటారు. ఎగ్జిబిషన్ కోసం ఇంట్లో పెద్దలు చేసిచ్చే థర్మోకోల్ నమూనాలూ అంతే.

‘ఇదంతా పుస్తకాల్లో బాగుంటుంది, మన సర్కారు బళ్లలో కుదరదు’ అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు ఇలాంటి సైన్సు బోధన మొదలుపెట్టాయి. పల్లెటూళ్ల ప్రభుత్వ బళ్లు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు. ప్రతి పాఠం ప్రయోగంతోనే నడిచేది. పరీక్షకు పుస్తకం తెచ్చుకుని చూసి రాయొచ్చు, ప్రయోగం మాత్రం చేసి చూపించాలి. 1982 నుంచి ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు నడిపింది. రాష్ట్ర ప్రభుత్వం 2002లో దాన్ని ఆపేసేదాకా 30 ఏళ్లు సాగింది. ఆపడానికి కారణం పిల్లలకు చేతకాకపోవడం కాదు. మన దగ్గరే చూడాలంటే, కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ వాళ్లు 172 ఎకరాల్లో సైన్సు ప్రాంగణం నడుపుతున్నారు, వ్యాన్లలో ప్రయోగాలు పెట్టుకుని పల్లె బళ్లకు వెళ్తున్నారు. వీలు చూసుకుని వెళ్లి, అక్కడి శిక్షకులు ఎంత తక్కువ మాట్లాడతారో గమనించండి.

మార్కులు లేవు కాబట్టి పిల్లలు ఏం నేర్చారో ఎలా తెలుస్తుందని హెడ్మాస్టరు గారు అడుగుతారు. నోట్‌బుక్కులు చూపించండి. ‘నేను ఇలా అనుకున్నాను, ఇలా వచ్చింది, ఇందుకని అనుకుంటున్నాను’ అన్న మూడు ముక్కలు ప్రతి వారం ఉంటే, జూన్‌లో రాసిన పేజీ పక్కన ఫిబ్రవరి పేజీ పెట్టి చూస్తే వేరే సాక్ష్యం అక్కర్లేదు. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల వంటి వాళ్ల దగ్గర పని నేర్పమంటోంది. ఆ మాట కూడా హెడ్మాస్టరు గారికి గుర్తుచేయండి.

ఆఖరుగా మీకొక విన్నపం. ఈ పనికి వరసగా రెండు పీరియడ్లు అడిగి తీసుకోండి. ఒక్క నలభై నిమిషాల్లో సామాను పంచేసరికే గంట కొడతారు. చివరి పావుగంట పిల్లల వాదనకూ సర్దుకోవడానికీ అట్టే పెట్టండి. యూనిట్ టెస్టులు దగ్గరపడితే రివిజన్ కోసమని అందరూ ముందు ఈ పీరియడ్ మీదే కన్నేస్తారు. ఆ రోజు మీరు ఒప్పుకోవద్దు.